మజల్ తోవ్ దేనికి? యూదు మహిళా కళాశాల పట్టాల వెనక లెక్కలు

మే, జూన్ నెలలు వస్తే న్యూయార్క్‌లోని సంప్రదాయ యూదు ఇళ్లలో "మజల్ తోవ్" అన్న మాట ఎడతెగకుండా వినబడుతుంది. అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది, చుట్టాలు ఫోన్ చేస్తున్నారు. ఇందులో అర్థం కానిదేముంది అనిపిస్తుంది. కానీ "నీ భవిష్యత్తు బంగారంలా ఉండాలి" అని ఆ అమ్మాయితో నలుగురు అన్నారనుకోండి, నలుగురి మనసులో ఉన్నది నాలుగు రకాల భవిష్యత్తు. కాలేజీ డీన్‌కు అది మాస్టర్స్ సీటు. తల్లికి పెళ్లి. మత విద్య నేర్పే సెమినరీలో పాఠం చెప్పినావిడకు, జీవితాంతం విడవని తోరా (యూదుల మూల ధర్మగ్రంథం) చదువు. కాబోయే భర్త రోజంతా మత గ్రంథాలే చదివేవాడైతే, అత్తింటివారికి అది నెలనెలా వచ్చే జీతం.

ఆడపిల్లల కోసం మతసంస్థ నడిపే కాలేజీ అనగానే బయటివాళ్లు రెండు తొందరపాటు తీర్పుల్లో ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఒకటి, ఇది పాతకాలపు కట్టుబాటు అని. రెండోది, ఇది స్త్రీ విముక్తి అని. రెండూ అతకవు. ఎందుకో తెలియాలంటే ముందు మాటల అర్థం, తర్వాత క్రెడిట్ల లెక్క చూడాలి.

## జరిగినదానికి ఒక మాట, జరగబోయేదానికి ఇంకో మాట

హీబ్రూలో "మజల్" అంటే మొదట నక్షత్రరాశి. "తోవ్" అంటే మంచిది. మన నక్షత్రబలం, గ్రహబలం లాంటి మాటే. కానీ వాడుకలో అది "అదృష్టం కలగాలి" అనే దీవెన కాదు, అయిపోయిన శుభానికి చెప్పే అభినందన. బిడ్డ పుట్టాక చెబుతారు, పెళ్లిలో గ్లాసు పగలగొట్టగానే చెబుతారు, పరీక్ష ఫలితం వచ్చాక చెబుతారు. కడుపుతో ఉన్నావిడకు మాత్రం చెప్పరు. ఆమెకు చెప్పేది "బెషాఆ తోవా", అంటే శుభ ఘడియలో అని. ముహూర్తాలు ఎరిగిన మనకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి పట్టా తీసుకున్న అమ్మాయికి "మజల్ తోవ్" చెబితే అది గడిచిన మూడు నాలుగేళ్లకు చెల్లుతుంది. ముందున్న ఉద్యోగానికి, పై చదువుకు చెప్పాల్సింది "బెహత్స్లఖా", విజయం కలగాలని. ఇంకో మాట "యాషెర్ కోఖేఖ్", నీ బలం నిలవాలని. మగవాడికైతే "కోఖఖా". హీబ్రూలో నువ్వు, నీ అనే మాటలకు లింగభేదం ఉంది. మగవాళ్లకు చెప్పే అలవాటులో ఆడవాళ్లకూ అదే రూపం వాడేస్తుంటారు, అది చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. స్నాతకోత్సవ ప్రసంగాల్లో తరచుగా వినబడే "మేఖాయిల్ ఎల్ ఖాయిల్" (బలం నుంచి బలానికి) 84వ కీర్తనలోది.

పెళ్లికాని అమ్మాయికి ఇవన్నీ చెప్పాక చివర ఇంకోటి తగిలిస్తారు: "ఇమ్ యిర్త్సే హషెమ్, నీకూ." దైవచిత్తమైతే నీకూ ఆ రోజు వస్తుందని. అంటే పెళ్లి. మన పెళ్లిళ్లలో "తర్వాత నీదే" అని పెద్దవాళ్లు నవ్వుతూ అంటారే, అచ్చం అదే. డిగ్రీ పుచ్చుకున్న రోజున ఈ మాట వింటే కొందరికి ముచ్చట, కొందరికి చిరాకు. తప్పు మాటది కాదు, చెప్పే సందర్భానిది.

తేదీల చిక్కు ఒకటుంది. పస్కా పండుగ రెండో రాత్రి నుంచి షవువోత్ పండుగ వరకు 49 రోజులు "ఓమెర్" లెక్కపెడతారు. అందులో ఎక్కువ భాగం శోక నియమాలు పాటించే కాలం, పెళ్లిళ్లు, వాద్య సంగీతం ఉండవు. 2026లో ఆ లెక్క ఏప్రిల్ 2 రాత్రి మొదలై మే 21 సాయంత్రంతో ముగుస్తుంది. అమెరికా కాలేజీల స్నాతకోత్సవాలు పడేది సరిగ్గా అప్పుడే. 33వ రోజు, అంటే మే 5, లాగ్ బఓమెర్, ఆ రోజు సడలింపు. ఏ రోజులు పాటించాలన్న దానిలో కుటుంబానికో ఆనవాయితీ ఉంది కాబట్టి ఒకరి ఇంట్లో పట్టా విందుకు బ్యాండు ఉంటుంది, పక్కింట్లో ఉండదు.

## సెమినరీ, మిఖ్లలా, మిద్రాషా, కాలేజీ

తెలుగులో "యూదు మహిళా కళాశాల" అని ఒక్క మాటతో సరిపెడతాం గానీ, అక్కడ కనీసం నాలుగు రకాలున్నాయి.

"సెమినరీ" అంటే హైస్కూలు అయ్యాక 18 ఏళ్ల అమ్మాయిలు ఒక ఏడాది, అరుదుగా రెండేళ్లు, మత విద్య చదివే చోటు. ఎక్కువమంది ఇందుకోసం జెరూసలేం వెళ్తారు. దానంతట అది డిగ్రీ ఇవ్వదు. "మిఖ్లలా" హీబ్రూలో కాలేజీ; 1964లో జెరూసలేంలో రబ్బీ (మతగురువు) యెహుదా కూపర్‌మాన్ పెట్టిన సంస్థకు ఆ పేరే స్థిరపడింది, అక్కడ టీచర్ శిక్షణా ఉంటుంది. "మిద్రాషా" అనేది తల్మూద్ (ప్రాచీన పండితుల ధర్మచర్చల సంకలనం), ధర్మశాస్త్రం లోతుగా చదవాలనుకునే స్త్రీలది. 1988లో వచ్చిన మతాన్, 1990లో వచ్చిన నిష్మత్ ఆ కోవలోవి, రెండూ జెరూసలేంలోనివే. ఇక లౌకిక డిగ్రీ, మత విద్య ఒకే కప్పు కింద ఇచ్చేది నాలుగో రకం. మన్‌హటన్‌లో యెషీవా యూనివర్సిటీకి చెందిన స్టర్న్ కాలేజ్ ఫర్ విమెన్ దీనికి పేరున్న ఉదాహరణ. 1954లో మొదలైంది. పెంపుడు పక్షుల వ్యాపారంతో పైకొచ్చిన మాక్స్ స్టర్న్ తన తల్లిదండ్రుల స్మృతిగా ఇచ్చిన విరాళంతో నిలబడింది. టూరో విశ్వవిద్యాలయపు లాండర్ కాలేజ్ ఫర్ విమెన్ కూడా ఈ నగరంలోనే ఉంది. టూరోకే "మఖోన్ లెపర్నాసా" అనే విభాగం ఉంది. "పర్నాసా" అంటే జీవనోపాధి. ఆ చదువు దేనికోసమో పేరులోనే ఉంది.

## ఈ "సంప్రదాయం" వయసు నూరేళ్లు దాటి కొద్దిగా

ఆడపిల్లకు తోరా నేర్పాలా వద్దా అన్నది రెండువేల ఏళ్ల నాటి వివాదం. యూదు ధర్మశాస్త్రపు తొలి సంకలనం మిష్నాలో, సోతా భాగం మూడో అధ్యాయంలో పండితుడు బెన్ అజ్జాయ్ కూతురికి నేర్పడం తండ్రి విధి అంటాడు. అదే చోట రబ్బీ ఎలియెజెర్ దానికి పూర్తిగా అడ్డం తిరుగుతాడు. కూతురికి తోరా నేర్పినవాడు చెడునడత నేర్పినట్టేనంటాడు. తర్వాతి శతాబ్దాల్లో మొగ్గు రెండోవైపే పడింది. ఆడపిల్లలు ఇంట్లో తల్లిని చూసి ఆచారం నేర్చుకునేవారు, అది చాలనుకున్నారు.

20వ శతాబ్దం మొదట్లో పోలండ్ ప్రాంతంలో ఇది తిరగబడింది. మగపిల్లలను ఖేదెర్‌కు (చిన్నపిల్లల మతబడి), యెషీవాకు (తల్మూద్ పాఠశాల) పంపి, ఆడపిల్లలను ప్రభుత్వ బడికి పంపారు. దాంతో అమ్మాయిలు పోలిష్, జర్మన్ సాహిత్యం చదివారు, అన్నదమ్ములు చదవలేదు. ఇంటి ఆచారం వాళ్లకు వెలితిగా తోచింది. ఆడపిల్లలను మతచదువుకు దూరంగా ఉంచి కాపాడదామనుకున్న ఏర్పాటే వాళ్లను మతానికి దూరం చేసింది. ఈ సంగతి ముందుగా పసిగట్టింది పండితులు కాదు, క్రాకోవ్‌లో బట్టలు కుట్టుకుని బతికే సారా షెనిరర్. ఆమె కాలం 1883–1935. 1917లో ఆమె చిన్న బడి పెట్టే ముందు, వాళ్ల అన్నయ్య ఆమెను తన మతగురువు బెల్జ్ రెబ్బే దగ్గరికి తీసుకెళ్లి అడిగిస్తే, ఆయన ఇచ్చిన జవాబు రెండే మాటలని చెబుతారు: "బ్రఖా వెహత్స్లఖా." దీవెన, విజయం. పైన చెప్పిన "హత్స్లఖా" ఇదే.

ఆ బడి బైస్ యాకోవ్ ఉద్యమమైంది. రెండో ప్రపంచయుద్ధం ముంగిట సుమారు 250 బడులు, 38,000 మంది బాలికలు ఉన్నారన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఆ కాలపు మహాపండితుడు ఖఫెట్స్ ఖైమ్ దీనికి మద్దతుగా చేసిన వాదన మీదే ఈనాటి సెమినరీలన్నీ నిలబడ్డాయి. పాత నియమం తల్లిదండ్రుల ఆచారం బలంగా ఉన్న రోజులది, ఇప్పుడు అమ్మాయిలు పరభాషలు చదువుతున్నారు కాబట్టి తోరా నేర్పక తప్పదన్నది ఆ వాదన. ఆయన పాత నియమాన్ని కొట్టేయలేదు, పరిస్థితి మారిందన్నారు. ఈ సూక్ష్మం ముఖ్యం. ఎందుకంటే "ఎంతవరకు నేర్పాలి" అన్న ప్రశ్న అక్కడ మూతపడలేదు. బైస్ యాకోవ్ తరహా సెమినరీల్లో నేటికీ బైబిలు, వ్యాఖ్యానాలు, నియమాలు, నీతి చెబుతారు; తల్మూద్ పాఠం మాత్రం ఉండదు. స్టర్న్‌లో 1977లో పేరుమోసిన పండితుడు రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్ స్వయంగా కూర్చుని తొలి తల్మూద్ పాఠం చెప్పారు. ఆయన అంతటివాడు చెప్పడంతో లౌకిక చదువునూ ఆదరించే ఆధునిక ఆర్థడాక్స్ వర్గంలో ఆ తలుపు తెరుచుకుంది. కట్టుబాట్లు మరింత గట్టిగా పాటించే హరేది వర్గంలో తెరుచుకోలేదు.

## క్రెడిట్ల లెక్క, అది తప్పే చోట్లు

క్రెడిట్ అంటే, స్థూలంగా, సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట క్లాసు. చాలా అమెరికా కాలేజీల్లో బ్యాచిలర్ పట్టాకు 120 క్రెడిట్లు కావాలి. స్టర్న్‌లో 128.

మొదటి దారి చూద్దాం. అమ్మాయి యెషీవా యూనివర్సిటీ ఇజ్రాయెల్ కార్యక్రమం కింద జెరూసలేంలో ఏడాది చదివింది, గరిష్ఠంగా 32 క్రెడిట్లు వచ్చాయనుకుందాం. 128 లోంచి 32 తీస్తే 96. సెమిస్టర్‌కు 16 చొప్పున ఆరు సెమిస్టర్లు, అంటే మూడేళ్లు. అందుకే అక్కడ చాలామంది మన్‌హటన్‌లో మూడేళ్లే ఉంటారు. చూడ్డానికి మూడేళ్ల డిగ్రీలా ఉన్నా మొత్తం నాలుగేళ్ల చదువే.

రెండో దారి హరేది అమ్మాయిలది, ఇది ఇంకా వేగం. సెమినరీ ఏడాదిని అమెరికాలోని ఏదో ఒక భాగస్వామి కాలేజీ తన మార్కుల పట్టీ మీద క్రెడిట్లుగా ఎక్కిస్తుంది. దానికి క్లెప్ పరీక్షలు తోడవుతాయి. కాలేజ్ బోర్డ్ నిర్వహించే ఈ పరీక్షల్లో 20 నుంచి 80 వరకు ఉండే కొలమానంలో 50 వస్తే చాలా వాటికి మూడేసి క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫారసు. పది పరీక్షలు గట్టెక్కితే 30, అంటే ఒక ఏడాది కాలేజీ క్లాసులో అడుగుపెట్టకుండానే పూర్తయినట్టు. ఇలా పోగేసిన వాటిని న్యూజెర్సీలోని థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ లాంటి ఉదారంగా లెక్కించే సంస్థలో చూపించి, మిగిలినవి ఆన్‌లైన్‌లో పూర్తి చేసి పట్టా తీసుకుంటారు.

బెడిసికొట్టేది ఎక్కడంటే, క్రెడిట్ అన్నది నోటు కాదు, అన్ని కొట్లలో ఒకే విలువకు చెల్లదు. క్లెప్‌కు క్రెడిట్ వస్తుంది గానీ గ్రేడ్ రాదు, జీపీఏలోకి ఎక్కదు. ముప్పావు వంతు పరీక్షలతోనే నింపిన పట్టీలో జీపీఏ ఓ పది కోర్సుల మీదే నిలుస్తుంది, ఒకటి రెండు బిలు వచ్చినా దెబ్బతింటుంది. జీవశాస్త్రం, రసాయనశాస్త్రాలకు ల్యాబ్‌తో కూడిన క్లాసులే కావాలని మెడికల్ స్కూళ్లు పట్టుబడతాయి, క్లెప్ మార్కు అక్కడ పనికిరాదు. ప్రతి కాలేజీకీ "ఇన్ని క్రెడిట్లు మా దగ్గరే చదవాలి", "ఇన్ని పైస్థాయి కోర్సులై ఉండాలి" అన్న నియమాలుంటాయి. పరీక్షల క్రెడిట్లలో చాలావరకు కింది స్థాయివే. అందుకే 120 నిండినా పట్టా రాని అమ్మాయిలు ఉంటారు. పరీక్షలు రాశాక కాలేజీ వెతుక్కోవడం కంటే, చేరబోయే మాస్టర్స్ కార్యక్రమం ఏమేం ఒప్పుకుంటుందో కనుక్కుని వెనక్కి లెక్కేసుకున్నవాళ్లకే ఈ దారి కలిసొస్తుంది.

## పట్టా వేరు, లైసెన్సు వేరు

ఈ వర్గంలో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రత్యేక విద్య, నర్సింగ్, అకౌంటింగ్ మీద మోజు ఎక్కువ. పని గంటలు కొంతవరకు మన చేతిలో ఉంటాయి, శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, సొంత వర్గపు బడుల్లోనే ఉద్యోగాలుంటాయి.

స్పీచ్ థెరపీనే తీసుకోండి. బ్యాచిలర్ పట్టా ఒక్కటే ఉన్న అమ్మాయి థెరపిస్టు కాదు. గుర్తింపున్న మాస్టర్స్ చేయాలి, మామూలుగా రెండేళ్లు. అందులో 400 గంటల క్లినికల్ పని, 25 గంటలు చూసి నేర్చుకునేవి, 375 నేరుగా చేసేవి. ప్రాక్సిస్ పరీక్ష నెగ్గాలి. ఆ పైన 36 వారాలు, 1,260 గంటలు తగ్గకుండా పర్యవేక్షణలో ఫెలోషిప్. 18కి హైస్కూలు, 19కి సెమినరీ, 22కి పట్టా అనుకుంటే పూర్తి యోగ్యత వచ్చేసరికి 25. ఆ సమాజంలో పెళ్లిళ్లు ఇరవైల మొదట్లోనే అవుతాయి. అంటే మాస్టర్స్, పెళ్లి, మొదటి కాన్పు ఒకే మూడేళ్లలో వచ్చి పడతాయి. క్రెడిట్లు త్వరగా పోగేయాలన్న ఆరాటం వెనక ఉన్నది తొందరపాటు కాదు, ఈ క్యాలెండర్.

అకౌంటింగ్‌లో ఇంకో మెలిక. సీపీఏ (మన సీఏ లాంటి) లైసెన్సుకు అమెరికా రాష్ట్రాలు చాలాకాలంగా అడుగుతున్నది 150 క్రెడిట్లు. 120తో పట్టా తీసుకుంటే 30 తక్కువ, 128తో తీసుకుంటే 22 తక్కువ. హైదరాబాదులో మూడేళ్ల బీకాం చేసి అమెరికా సీపీఏ రాద్దామనుకునేవాళ్లు తలకొట్టుకునేది కూడా ఈ 150 దగ్గరే, కాకపోతే వాళ్లు మామూలుగా 90 దగ్గర మొదలవుతారు. 2025 నుంచి ఒహాయో మొదలుకొని పలు రాష్ట్రాలు బ్యాచిలర్ పట్టా, రెండేళ్ల అనుభవం, పరీక్ష ఉంటే చాలనే ప్రత్యామ్నాయం తెచ్చాయి. హరేది వధువుకు ఇది చిన్న సంగతి కాదు, ఒక ఏడాది ఫీజు మిగిలి ఒక ఏడాది ముందే జీతం మొదలవుతుంది.

## ఆడవాళ్లకే కాలేజీ: చట్టం ఏమంటుంది

అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చదువులో లింగవివక్షను నిషేధిస్తుంది. మరి స్టర్న్ ఎలా నడుస్తోంది? ఆ చట్టంలో ప్రవేశాల నిబంధన ప్రైవేటు బ్యాచిలర్ కాలేజీలకు వర్తించదు. అది వర్తించేది వృత్తి విద్య, గ్రాడ్యుయేట్ కోర్సులు, ప్రభుత్వ కాలేజీలకు. అందుకే అదే యెషీవా యూనివర్సిటీలో బ్యాచిలర్ స్థాయిలో ఆడ, మగ వేరు. కార్డోజో లా స్కూల్‌లో, సోషల్ వర్క్ స్కూల్‌లో అందరూ కలిసే చదువుతారు.

ఇజ్రాయెల్‌లో వివాదం వేడిగా ఉంది. అక్కడ హరేది విద్యార్థుల కోసం ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఉన్నత విద్యాసంస్థల్లోనే వేరు తరగతులు పెట్టారు. సమర్థించేవారిది ఒకటే మాట: వేరు తరగతి లేకపోతే వీళ్లు అసలు రారు. మహిళా అధ్యాపకులు, హక్కుల సంస్థలు దీనికి ఎదురు ప్రశ్న వేశారు. వేరు పెట్టాక మగవాళ్ల తరగతికి మహిళా లెక్చరర్‌ను పంపడం లేదు, ఆడవాళ్ల తరగతికి మాత్రం మగ లెక్చరర్ వెళ్తున్నాడు. నష్టం ఒక్క వైపే కదా అని. 2021 జూలైలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు మధ్యేమార్గం పట్టింది. బ్యాచిలర్ స్థాయిలో వేరు తరగతులు చెల్లుతాయంది. గ్రంథాలయం, నడవాల్లాంటి ఉమ్మడి చోట్ల వేరు చేయకూడదని, మహిళలు మగవాళ్లకు పాఠం చెప్పకుండా ఆపకూడదని కూడా చెప్పింది. ఈ రెండో షరతు కాగితం మీద రాయడం తేలిక, టైంటేబుల్ వేసేవాడి బల్ల దగ్గర అమలు చేయించడం కష్టం.

## ఇల్లు నడిపే జీతం ఎవరిది

ఇజ్రాయెల్ హరేది స్త్రీలలో ఉద్యోగం చేసేవారు సుమారు 80 శాతం, పురుషుల్లో సగానికి కాస్త ఎక్కువ. చాలామంది మగవాళ్లు పెళ్లయ్యాక కూడా "కొల్లెల్"లో తల్మూద్ చదువుతూ ఉండిపోతారు, ఇల్లు భార్య జీతం మీద నడుస్తుంది. మతచదువు పట్ల భక్తి ఎంత ఎక్కువైతే భార్యకు లౌకిక చదువు అంత అవసరం. అందుకే గట్టి మతకుటుంబాల అమ్మాయిలే ప్రోగ్రామింగ్, అకౌంటింగ్ నేర్చుకుంటున్నారు. అమెరికా హరేది వర్గంలోనూ ఈ పద్ధతి ఉంది గానీ అక్కడ ఉద్యోగం చేసే మగవాళ్లు ఎక్కువ.

దీన్ని ఎలా చూడాలన్నదానిపై లోపలే ఏకాభిప్రాయం లేదు. సెమినరీ ఉపాధ్యాయులు దీన్ని త్యాగంగా, భర్త చదువులో సగం వాటాగా చెబుతారు. ఆధునిక ఆర్థడాక్స్ పక్షం చదువుకు జీతంతో పనిలేని విలువ ఉందంటుంది. యెషీవా యూనివర్సిటీ నినాదమే "తోరా ఉమద్దా", తోరాతో పాటు లౌకిక విజ్ఞానం. విమర్శకులు రెండు బరువుల సంగతి ఎత్తుతారు: సంపాదన ఆమెదే, అరడజను మంది పిల్లల పెంపకమూ ఆమెదే, దానికి తోడు తక్కువ గంటలు, తక్కువ జీతం ఉండే ఉద్యోగాల్లోకే నెడుతున్నారని. మూడు వాదాలకూ ఆధారాలున్నాయి, ఒకే ఇంట్లో మూడూ నిజం కావచ్చు.

ముగ్గురూ ఒకే పాఠాన్ని ఉదహరించడం ఇందులో తమాషా. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని "ఎషెత్ ఖాయిల్", 22 చరణాలు, హీబ్రూ అక్షరక్రమంలో. శుక్రవారం రాత్రి భోజనానికి ముందు ఇంటి ఇల్లాలిని ఉద్దేశించి పాడతారు, పట్టా పుచ్చుకున్న అమ్మాయిల ప్రశంసల్లోనూ వస్తుంది. తెల్లవారకముందే లేచి ఇంటివాళ్లకు తిండి పెట్టే ఆవిడ అందులో ఉంది. పొలం బేరమాడి కొని ద్రాక్షతోట వేసే ఆవిడా, నారబట్టలు నేసి అమ్మే ఆవిడా ఆమే. ఆమె భర్త నగర ద్వారం దగ్గర పెద్దల మధ్య కూర్చుని ఉంటాడు. ఎవరికి ఏ చరణం కావాలో వాళ్లు దాన్ని ఎత్తుకుంటారు.

## చదివినవారికి బిరుదు ఏది

మిద్రాషాల్లో పదేళ్లు తల్మూద్ చదివిన స్త్రీని ఏమని పిలవాలి? నిష్మత్ 1997లో స్త్రీల శుద్ధి నియమాలపై సలహా ఇచ్చే "యోఎత్సెత్ హలఖా" శిక్షణ మొదలుపెట్టింది, దానికి ఆర్థడాక్స్ వర్గంలో బాగానే ఆదరణ దొరికింది. 2009లో న్యూయార్క్‌లో యెషివత్ మహరత్ ఏకంగా స్త్రీలకు రబ్బీ దీక్ష ఇవ్వడానికే పుట్టింది. 2017లో ఆర్థడాక్స్ యూనియన్ తన సినగాగుల్లో (ప్రార్థనాలయాల్లో) స్త్రీలు రబ్బీ పదవిలో ఉండరాదని ప్రకటించింది, బోధన, సలహా పనులు మాత్రం చేయవచ్చంది.

2025 జూలైలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ప్రధాన రబ్బీ కార్యాలయం నిర్వహించే ధర్మశాస్త్ర పరీక్షలకు స్త్రీలను కూర్చోనివ్వాలని తీర్పు చెప్పింది. దీన్ని "స్త్రీలు రబ్బీలయ్యారు" అని చదివితే పొరపాటు. కోర్టు మతపరమైన దీక్ష జోలికి పోలేదు. ఆ పరీక్ష నెగ్గితే కొన్ని ప్రభుత్వ ఉద్యోగాల్లో, జీతాల శ్రేణిలో దాన్ని డిగ్రీకి సమానంగా లెక్కిస్తారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష, ప్రభుత్వం ఇచ్చే లాభం; అది మగవాళ్లకే ఇస్తే వివక్ష అన్నది తీర్పు సారం. పరీక్ష రాసి నెగ్గిన స్త్రీకి సినగాగులో పదవి దానంతట రాదు. జీతాల కాగితంలో మాత్రం ఒక మెట్టు పైకి జరుగుతుంది.